మైదా లేని కేకు: ఏ సరుకు ఎక్కడ కొంటే ఖర్చు తగ్గుతుంది?

ఇంట్లో ఒకరికి షుగర్ అని తేలగానే మొదట మాయమయ్యేది పుట్టినరోజు కేకు. కొన్నాళ్లకు ఎవరో ఒకరు "లో కార్బ్ కేకు చేసుకోవచ్చట" అంటారు. అంటే పిండిపదార్థాలు, చక్కెర బాగా తక్కువ ఉండే కేకు. ఫోన్లో రెసిపీ కూడా దొరుకుతుంది. అందులో మొదటి సరుకు బాదం పిండి, రెండోది చక్కెర బదులు వేసే ఎరిత్రిటాల్ అనే తీపి పదార్థం. ఆ రెండింటి ధరలు చూశాక చాలామంది ఫోన్ పక్కన పడేస్తారు. ఇది డబ్బున్నవాళ్లు తినే కేకు అని తేల్చేసుకుంటారు.

ఆ తీర్పు సగమే నిజం. లో కార్బ్ కేకు మైదా కేకంత చవగ్గా ఎప్పటికీ రాదు. అయితే రెసిపీలు చెప్పే ధరలో దాదాపు సగం ఒకే ఒక్క కారణం వల్ల పెరుగుతోంది. ప్రతి సరుకునూ "కీటో" (కార్బ్స్ బాగా తగ్గించి కొవ్వు ఎక్కువ తినే పద్ధతి) అని రాసిన ప్యాకెట్‌లోనే వెతుకుతున్నాం. అదే సరుకు కిరాణా కొట్టులో, డ్రై ఫ్రూట్స్ హోల్‌సేల్‌లో, మెడికల్ షాపులో వేరే పేరుతో చాలా తక్కువకు ఉంటుంది.

తెలుగు రాష్ట్రాల్లో లో కార్బ్, కీటో అనే మాటలు ఇంటింటికీ చేరింది 2017, 2018 ప్రాంతంలో. వీరమాచనేని రామకృష్ణ చెప్పిన ఆహార పద్ధతి ఊరూరా చర్చకు వచ్చి, అన్నం మానేయడం, కొబ్బరి నూనె తాగడం గురించి జనం మాట్లాడుకున్న రోజులవి. అప్పటి నుంచి వాదన నడుస్తూనే ఉంది. ఈమధ్య భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) చేసిన ఇండియాబ్ సర్వే, మన దేశంలో సగటున తిండి నుంచి వచ్చే శక్తిలో దాదాపు 62 శాతం కార్బోహైడ్రేట్ల నుంచే వస్తోందని లెక్క చెప్పడంతో ప్రశ్న మళ్లీ ముందుకొచ్చింది. 2023లో అదే సర్వే దేశంలో 10 కోట్ల మందికి పైగా మధుమేహం ఉందని చెప్పింది. వాళ్లలో కేకు, బిస్కెట్, బ్రెడ్ ఇష్టపడేవాళ్లు ఎంతమందో వేరే చెప్పాలా?

## లేబుల్ మీద ఏ అంకె చూడాలి

100 గ్రాముల మైదాలో దాదాపు 76 గ్రాములు కార్బోహైడ్రేట్. అందులో పీచు రెండు మూడు గ్రాములే. మిగిలిందంతా పిండిపదార్థం, అంటే కడుపులోకి వెళ్లాక గ్లూకోజ్‌గా మారేది. 100 గ్రాముల బాదంలో కార్బోహైడ్రేట్ 21, 22 గ్రాములు ఉన్నా, అందులో సగానికి పైగా పీచే. పీచు అరిగి చక్కెరగా మారదు కాబట్టి దాన్ని తీసేసి మిగిలిన 9, 10 గ్రాములనే లెక్కలోకి తీసుకుంటారు. దీన్నే నెట్ కార్బ్స్ అంటున్నారు. ఈ వ్యాసంలో ఇకపై సరుకులకు, కేకులకు చెప్పే కార్బ్స్ అంకెలన్నీ ఈ నెట్ కార్బ్సే. రకాన్ని బట్టి, కొలిచే పద్ధతిని బట్టి ఇవి కొంచెం అటూఇటూ అవుతాయి.

చిక్కు లేబుల్ దగ్గర వస్తుంది. అమెరికా ప్యాకెట్ మీద టోటల్ కార్బోహైడ్రేట్ అంటే పీచు కూడా కలిపిన అంకె. బ్రిటన్, యూరప్ ప్యాకెట్ల మీద పీచును ముందే తీసేసి విడిగా చూపిస్తారు. మన మార్కెట్లో దొరికే ప్యాకెట్ల మీద రెండు పద్ధతులూ కనిపిస్తాయి. ముందే తీసేసిన అంకెలోంచి మళ్లీ పీచు తీసేస్తే, ఉన్నదానికన్నా తక్కువ కార్బ్స్ తింటున్నామని పొరబడతాం. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో తెచ్చిన భారతీయ ఆహార పట్టికల్లోనూ పీచు తీసేశాక మిగిలినదే కార్బోహైడ్రేట్ కింద ఉంటుంది.

ఏ పద్ధతో కనిపెట్టడానికి చిన్న కూడిక చాలు. బాదం పిండి ప్యాకెట్ మీద ప్రొటీన్ 21, కొవ్వు 50, కార్బోహైడ్రేట్ 22 అని ఉందనుకుందాం. మొత్తం 93. మిగతా ఏడు గ్రాములు తేమ, ఖనిజాలు. వంద సరిపోయింది కాబట్టి పీచు ఆ 22లోనే ఉంది, దాన్ని తీసేయొచ్చు. ఇంకో ప్యాకెట్ మీద ప్రొటీన్ 21, కొవ్వు 50, కార్బోహైడ్రేట్ 10 అని ఉంటే మొత్తం 81. తేమా ఖనిజాలూ కలిపినా 88. తక్కువైన ఆ 12 పీచు. అంటే దాన్ని ముందే తీసేశారు, మళ్లీ తీయకూడదు.

## ఆరోగ్యకరమే, కానీ లో కార్బ్ కాదు

నాకు బాగా బాధ కలిగించేది ఇక్కడి గందరగోళం. రాగి బిస్కెట్లు, జొన్న బ్రెడ్, కొర్రల కేకు షుగర్ ఉన్నవాళ్లకు మంచివని కొని తీసుకెళ్తుంటారు. చిరుధాన్యాల్లో పీచు, ఖనిజాలు మైదాకన్నా ఎక్కువన్న మాట నిజం. కానీ పిండిపదార్థం లెక్కలో రాగి, జొన్న, కొర్ర అన్నీ వందకు 60 నుంచి 70 గ్రాముల మధ్యే ఉంటాయి. గోధుమ పిండి కూడా 60 దాటుతుంది. శనగపిండి కాస్త నయం, అయినా 45కు పైనే. వీటితో చేసింది మంచి తిండి కావచ్చు గాని లో కార్బ్ కాదు.

జీడిపప్పు సంగతి ఇంకో రకం. పలాస జీడిపప్పు మనకు దగ్గర, విరిగిన ముక్కలైతే బాదం కన్నా తక్కువకు దొరికే రోజులుంటాయి. బాదం బదులు దాన్ని పొడి చేస్తే కేకు మెత్తగా, అద్భుతంగా వస్తుంది కూడా. కానీ జీడిపప్పులో కార్బ్స్ వందకు 27 గ్రాముల దాకా ఉంటాయి, బాదానికి దాదాపు మూడు రెట్లు. బెల్లం, తాటి బెల్లం, తేనె, ఖర్జూరం ఏ లెక్కన చూసినా చక్కెర కిందికే వస్తాయి.

"కీటో ఆటా" పేరుతో వచ్చే మిశ్రమాల విషయంలో ముందు వైపు అక్షరాలు వదిలేసి వెనక వైపు చూడటం మేలు. సరుకుల జాబితాలో బరువు ఎక్కువున్నది ముందు రాయాలన్నది నిబంధన. మొదటి పేరు సోయా పిండి అయితే మీరు కొంటున్నది ప్రధానంగా సోయా పిండే, ధర మాత్రం బాదం ధరకు దగ్గరగా ఉంటుంది.

## మైదా ఏం పని చేస్తోంది

మైదా స్థానంలో ఒకే ఒక్క పిండి పెట్టాలని చూడటం వల్లే ఖర్చు పెరుగుతుంది. కేకులో మైదా మూడు పనులు చేస్తుంది. కేకుకు ఒళ్లు, అంటే పరిమాణం, ఇస్తుంది. గ్లూటెన్ అనే జిగురు ప్రొటీన్ వల్ల ముక్కలు విడిపోకుండా పట్టి ఉంచుతుంది. తడిని పీల్చుకుంటుంది. చక్కెర తీపితో పాటు బరువును, మెత్తదనాన్ని కూడా ఇస్తుంది. ఈ పనులను విడదీస్తే ఒక్కో పనికి ఒక్కో చవకైన సరుకు ఉంది. ఒక్కోదానికి కొట్టు కూడా వేరే.

## ఒళ్లు ఇచ్చేవి: బాదం నుంచి తెలగపిండి దాకా

ప్రపంచంలో పండే బాదంలో దాదాపు 80 శాతం కాలిఫోర్నియాది. మన కొట్లలో "కాలిఫోర్నియా" అనేదే మామూలు రకం. ఇరాన్, అఫ్గానిస్తాన్ వైపు నుంచి వచ్చే మామ్రా దీనికన్నా చాలా ఖరీదు, నూనె ఎక్కువ. కేకు కోసం మామ్రా కొనడం దండగ. పొడి చేసుకునేదానికి పెద్ద గింజ కూడా అక్కర్లేదు, చిన్న సైజు లేదా విరిగిన ముక్కలు చాలు. హైదరాబాద్ బేగంబజార్‌లో, సికింద్రాబాద్ మోండా మార్కెట్ పరిసరాల్లో, విజయవాడ వన్‌టౌన్‌లో, గుంటూరు పట్నంబజార్‌లో, విశాఖ కురుపాం మార్కెట్లో హోల్‌సేల్ కొట్ల వాళ్లు కిలో, అరకిలో లెక్కన విడిగా కూడా ఇస్తుంటారు. "ముక్క ఉందా" అని అడిగితే ధర మారుతుంది. ముక్కలు కొనేటప్పుడు ఒకటి నోట్లో వేసుకుని చూడాలి. పాత నూనె రుచి వచ్చినా, నాలుక చివర చేదు తగిలినా ఆ బస్తా వదిలేయడమే. విరిగిన గింజ త్వరగా పాడవుతుంది, చవకకు అసలు కారణం ఒక్కోసారి అదే అయి ఉంటుంది.

ఇంట్లో పొడి కొట్టడం చూసినంత తేలిక కాదు. బాదాన్ని మిక్సీలో వేసి గట్టిగా తిప్పితే అర నిమిషంలో నూనె బయటపడి, జార్ అడుగున ముద్ద కట్టేస్తుంది. అది బాదం వెన్న అవుతుంది, పిండి కాదు. గింజల్ని రాత్రి ఫ్రిజ్‌లో పెట్టి, పొద్దున చల్లగా ఉండగానే పొడి జార్‌లో ఒక గుప్పెడు వేసి, రెండు మూడు సెకన్లు తిప్పి ఆపి, జార్ కదిపి, మళ్లీ తిప్పాలి. ఇలా ఎనిమిది పది సార్లు. తర్వాత రవ్వ జల్లెడలో వేస్తే మెత్తటిది కిందికి దిగుతుంది, పైన మిగిలింది మళ్లీ జార్‌లోకి. పొట్టుతో కొడితే గోధుమ రంగు చుక్కలు కనిపిస్తాయి. చాక్లెట్ కేకులో అవి ఎవరికీ తెలియవు. పొట్టు తీసిన తెల్లటి పిండి కోసమే ప్యాకెట్ ధర అంత ఉంటుంది, ఆ తెలుపు అన్ని కేకులకూ అవసరం లేదు.

బాదాన్ని పూర్తిగా మానేయమని కాదు, సగానికి తగ్గించవచ్చు. మిగతా సగం దేనితో నింపాలన్నదే అసలు ప్రశ్న.

రాయలసీమ, పాలమూరు ప్రాంతాల పంట వేరుశనగ బాదం కన్నా చాలా చవక. వందకు 8 గ్రాముల దగ్గర నుంచి మొదలయ్యే కార్బ్స్, బాదం కన్నా ఎక్కువ ప్రొటీన్. దోరగా వేయించి, పొట్టు ఊది, పూర్తిగా చల్లారాక బాదంలాగే ఆగి ఆగి పొడి కొట్టాలి. వేరుశనగ వాసన దాగదు. వనిల్లా కేకులో బయటపడుతుంది, కోకో ఉన్నచోట కలిసిపోతుంది. ఇక్కడ మాత్రం చవక కోసం రాజీ పడకూడనిది ఒకటుంది. ముడుచుకుపోయిన, నల్లబడిన, బూజు వాసన వచ్చే పల్లీల్లో అఫ్లాటాక్సిన్ అనే విషం ఉండే ప్రమాదం ఉంది. వేయించినా అది పూర్తిగా పోదు. అలాంటివి ఏరి పారేయాల్సిందే. గానుగ దగ్గర పశువుల కోసం అమ్మే వేరుశనగ చెక్కను మనుషుల తిండిలో కలపాలన్న ఆలోచన కూడా వద్దు.

అదే గానుగ మనకు ఇంకోటి ఇచ్చింది. నువ్వుల నూనె తీశాక మిగిలే తెలగపిండి. బాలింతలకు తెలగపిండి కూర వండిపెట్టడం ఆంధ్ర ఇళ్లల్లో పాత అలవాటు. ప్రపంచమంతా ఇప్పుడు "కొవ్వు తగ్గించిన గింజల పిండి" అని ప్యాకెట్లలో అమ్ముతున్న సరుకు ఇదే కదా అని ఆ మూట చూసినప్పుడల్లా అనిపిస్తుంది. నూనె చాలావరకు పోవడంతో ప్రొటీన్, పీచు చిక్కబడి ఉంటాయి. పొట్టు వల్ల కొంచెం చేదు ఉంటుంది, అందుకే తీపి కేకుకు నప్పదు. జీలకర్ర, కారం, వాము వేసి చేసే ఉప్పు బిస్కెట్లలో, పల్చటి క్రాకర్లలో మొత్తం పిండిలో నాలుగో వంతు దాకా బాగుంటుంది. తినడానికని అమ్మే శుభ్రమైన తెలగపిండినే తీసుకోవాలి. దాణా కోసం ఉంచిన నువ్వుల చెక్క వేరు.

కొబ్బరి దగ్గర రెండు సరుకులు కలగలిసిపోతున్నాయి. కిరాణా కొట్టులో దొరికే ఎండుకొబ్బరి పొడిలో నూనె అలాగే ఉంటుంది. కొబ్బరి పిండి పేరుతో అమ్మేది నూనె చాలావరకు తీసేసి మెత్తగా చేసిన పీచు పిండి. ఎండుకొబ్బరి పొడి ఒళ్లు ఇస్తుంది, రుచి ఇస్తుంది, తడి పీల్చదు. కొబ్బరి పిండి స్పాంజిలా పీల్చేస్తుంది. 100 గ్రాముల బాదం పిండి వేసే చోట ఇది 25, 30 గ్రాములు చాలు, గుడ్లు మాత్రం పెంచాలి. కిలో ధర పక్కపక్కన పెట్టి పోలిస్తే ఇది తెలియదు. కేకుకు ఎన్ని గ్రాములు పడుతుందో చూడాలి.

కోనసీమ వైపు ఇళ్లల్లో కొబ్బరిపాలు తీశాక మిగిలే పిప్పి ఉంటుంది. పచ్చడికో కూరకో పోను మిగిలింది పారేస్తారు. దాన్ని పళ్లెంలో పల్చగా పరిచి, ఎండలోగానీ తక్కువ వేడి ఓవెన్‌లోగానీ గలగలలాడేలా ఎండబెట్టి మిక్సీ పడితే ఇంటి కొబ్బరి పిండి తయారు. కొట్లో దొరికేదాని కన్నా నూనె కాస్త ఎక్కువ ఉండిపోతుంది కాబట్టి అంతగా తడి పీల్చదు. రెసిపీలో చెప్పిన గుడ్లన్నీ ఒకేసారి పోయకుండా చూసి పోసుకోవాలి.

స్వీట్ షాపుల వాళ్లు వాడే కర్బూజా పప్పు, పుచ్చ పప్పు కూడా ఈ వరసలోవే. తెల్లగా ఉంటాయి, వాసన ఉండదు, లేత రంగు కేకుకు బాదం బదులు బాగా పనికొస్తాయి. పొద్దుతిరుగుడు పప్పు ఇంకా చవక, అయితే వంటసోడా తగిలితే కేకు లోపల ఆకుపచ్చగా మారుతుంది. అందులోని క్లోరోజెనిక్ ఆమ్లం వల్ల వచ్చే రంగు అది, హాని లేదు. కారణం తెలియక బూజు పట్టిందని పారేసినవాళ్లు ఉన్నారు.

మీల్ మేకర్‌ను పచ్చిగానే మిక్సీలో మెత్తగా పొడి చేసి కొంచెం కలిపేవాళ్లూ ఉన్నారు. సగానికి పైగా ప్రొటీన్, కార్బ్స్ వందకు 20 దాకా. ఇదీ చవకే. వాసన అందరికీ పడదు.

## పట్టి ఉంచేవి: మెడికల్ షాపులో బ్రెడ్ సరుకు

లో కార్బ్ బ్రెడ్ రెసిపీల్లో సిలియం హస్క్ అని రాస్తారు. అదే పేరుతో వెతికితే అందమైన డబ్బాలో, అందమైన ధరకు దొరుకుతుంది. అది మన ఇసబ్‌గోల్ పొట్టే. మలబద్ధకానికని పెద్దవాళ్లు రాత్రి నీళ్లలో కలుపుకుని తాగేది. ప్రపంచంలో దీన్ని ఎక్కువగా పండించేది మన దేశమే, గుజరాత్‌లోని ఊంఝా దీనికి పెద్ద మార్కెట్. మెడికల్ షాపులో దొరికే సాదా పొట్టు సరిపోతుంది. నారింజ రుచి, నిమ్మ రుచి అని ఉన్నవి మాత్రం కాదు, వాటిలో చక్కెర కలిసి ఉండొచ్చు.

ఒక చిన్న బ్రెడ్‌కు 30, 40 గ్రాములు పడుతుంది. ఇక్కడ చెంచాల లెక్క దెబ్బతీస్తుంది. పొట్టు ఉబ్బుగా, దూదిలా ఉంటుంది, దాన్నే మిక్సీ పడితే బాగా దిగిపోతుంది. పొట్టు కొలతతో రాసిన రెసిపీలో అన్నే చెంచాల పొడి వేస్తే బ్రెడ్ రబ్బరులా వస్తుంది. తూకం వేస్తే ఈ గొడవ ఉండదు. ఇంకో విచిత్రం, కొన్ని రకాల ఇసబ్‌గోల్‌తో బ్రెడ్ కాల్చాక లోపల ఊదా రంగు వస్తుంది. అది పాడవడం కాదు, ఇంకో రకం వాడితే పోతుంది.

అవిసె గింజల పొడి తడి తగలగానే జిగురవుతుంది కాబట్టి అదీ పట్టి ఉంచుతుంది. కార్బ్స్ వందకు రెండు గ్రాముల లోపే. కారప్పొడి కోసం చాలా ఇళ్లల్లో ఉండనే ఉంటుంది. పై దేశపు రెసిపీల్లో కనిపించే శాంథన్ గమ్ బదులు గ్వార్ గమ్ చాలా చవక. గోరుచిక్కుడు గింజల నుంచి తీసేదే అది, కేకుకు పావు చెంచా మించి అక్కర్లేదు. వీటన్నింటికన్నా పెద్ద పని చేసేది కోడిగుడ్డు. పొంగడం, పట్టి ఉంచడం రెండూ దానివే. గుడ్డు తినని ఇళ్లల్లో లో కార్బ్ కేకు అందుకే కష్టం, అవిసె జిగురూ గట్టి పెరుగూ కలిపి నెట్టుకురావచ్చు గాని అంత ఎత్తు రాదు.

## తీపి: ఇక్కడ చవక దారి సన్నది

పిండిలో మిగిల్చిన డబ్బు తీపి దగ్గర కొంత పోతుంది. ఎరిత్రిటాల్‌కు కిరాణా ప్రత్యామ్నాయం లేదు. ఇది చక్కెరలో 60, 70 శాతం తియ్యగా ఉంటుంది, బరువు ఇస్తుంది, ఎక్కువ భాగం ఒంట్లో ఖర్చు కాకుండా మూత్రంలో వెళ్లిపోతుంది. కేకు చల్లారాక నోట్లో పుదీనాలాంటి చల్లదనం తగులుతుంది, కొందరికి అది నచ్చదు. స్టీవియా చాలా కొంచెంతోనే తీపి ఇస్తుంది, బరువు మాత్రం ఇవ్వదు. అందుకే ఎరిత్రిటాల్ సగం తగ్గించి, మిగతా తీపికి స్టీవియా గానీ సుక్రలోజ్ గానీ కలపడం ఇంట్లో కేకులు చేసే చాలామంది పద్ధతి.

కొనేటప్పుడు రెండు చోట్ల జాగ్రత్త. కొన్ని స్టీవియా పొడుల్లో మొదటి సరుకు డెక్స్‌ట్రోజ్ లేదా మాల్టోడెక్స్‌ట్రిన్ ఉంటుంది, రెండూ గ్లూకోజ్ జాతివే. "షుగర్ ఫ్రీ" చాక్లెట్లలో వాడే మాల్టిటాల్ కూడా రక్తంలో చక్కెరను కొంత పెంచుతుంది. ఆస్పర్టేమ్ వేడికి తట్టుకోదు, బేకింగ్‌కు పనికిరాదు. జైలిటాల్ వాడే ఇంట్లో కుక్క ఉంటే ఆ కేకు ముక్క దానికి అందకుండా చూడాలి, కుక్కలకు అది విషం.

## ఒకే కేకు, మూడు లెక్కలు

ఎనిమిది ముక్కల కేకు తీసుకుందాం. ధరలు లెక్క తేలిగ్గా సాగడానికి పెట్టుకున్న గుండు అంకెలు, మీ కొట్టు ధర ఆ స్థానంలో వేసుకోవచ్చు. గుడ్డు 7 రూపాయలు, వెన్న కిలో 600, మైదా, చక్కెర కిలో 45 చొప్పున, ప్యాకెట్ బాదం పిండి కిలో 1,400, విడి బాదం కిలో 900, ఎరిత్రిటాల్ కిలో 900, పల్లీలు 140, ఎండుకొబ్బరి పొడి 300, అవిసెలు 120 అనుకుందాం.

మామూలు కేకు: మైదా 200 గ్రాములు, చక్కెర 200, గుడ్లు మూడు, వెన్న 100 గ్రాములు. ఖర్చు 9, 9, 21, 60 కలిపి 99 రూపాయలు. ముక్క 12 రూపాయల పైచిలుకు. కార్బ్స్ ముక్కకు దాదాపు 43 గ్రాములు.

రెసిపీలో చెప్పిన లో కార్బ్ కేకు: ప్యాకెట్ బాదం పిండి 200 గ్రాములు, ఎరిత్రిటాల్ 120, గుడ్లు నాలుగు, వెన్న 80 గ్రాములు. ఖర్చు 280, 108, 28, 48 కలిపి 464. ముక్క 58 రూపాయలు. కార్బ్స్ ముక్కకు మూడు గ్రాముల లోపు.

ఇంటి మిశ్రమం: విడి బాదం 70 గ్రాములు, పల్లీలు 60, ఎండుకొబ్బరి పొడి 30, అవిసె పొడి 20. మిగతావి పై కేకులాగే. పిండికి 63, 8, 9, 2 కలిపి 82 రూపాయలు. మొత్తం 266. ముక్క 33 రూపాయలు. కార్బ్స్ రెండు గ్రాములకు అటూఇటూ.

పిండి ఖర్చు 280 నుంచి 82కు దిగింది. ఇప్పుడు ఈ కేకులో ఖరీదైన సరుకు ఎరిత్రిటాల్. తీపి సగం స్టీవియాకు మారిస్తే ఇంకో నలభై, యాభై రూపాయలు తగ్గొచ్చు. మైదా కేకుతో పోలిస్తే అప్పటికీ రెట్టింపు కన్నా ఎక్కువే, దాన్ని దాచి చెప్పడం నాకిష్టం లేదు.

ఈ లెక్కలో ఇంకో సంగతి బయటపడుతుంది. మైదా కేకు ముక్కకు సుమారు 300 కేలరీలు, బాదం కేకు ముక్కకు 250కి కాస్త పైన, ఇంటి మిశ్రమం ముక్కకు 240. కార్బ్స్ పదో వంతు కన్నా తక్కువకు పడిపోయినా కేలరీలు ఐదో వంతే తగ్గాయి. గింజల్లో కొవ్వు ఎక్కువ మరి. బరువు తగ్గుతామనుకుని రెండు ముక్కలు తిన్నవాళ్లు ఒక మైదా కేకు ముక్కకన్నా ఎక్కువే తిన్నట్టు.

## సముద్రం దాటితే లెక్క తిరగబడుతుంది

అమెరికాలో ఉన్న మనవాళ్లకు ఈ వ్యాసంలో సగం వర్తించదు. బాదం పండేది అక్కడే కాబట్టి కాస్ట్‌కో లాంటి చోట పెద్ద సంచిలో వచ్చే బాదం పిండి చవగ్గా పడుతుంది, మిక్సీ పట్టుకుంటూ కూర్చోనక్కర్లేదు. అక్కడ ఖరీదయ్యేది ఇసబ్‌గోల్, ఎండుకొబ్బరి. ఆ రెండూ ఇండియన్ స్టోర్‌లో తీసుకోవడమే మేలు. అల్యులోజ్ అనే తీపి పదార్థం అక్కడ మామూలైంది. లేబుల్ మీద దాన్ని చక్కెర లెక్కలో చూపక్కర్లేదని 2019లో అమెరికా ఎఫ్‌డీఏ చెప్పింది. ఎరిత్రిటాల్‌లా చల్లదనం ఇవ్వదు, చక్కెరలా రంగు తిరుగుతుంది.

## ఇది తినడం అవసరమా అన్న వాదన

డాక్టర్లలో, పోషకాహార నిపుణుల్లో రెండు మాటలున్నాయి. మన తిండిలో తెల్ల బియ్యం, మైదా, చక్కెర మరీ ఎక్కువయ్యాయి, తగ్గించాల్సిందే అన్నచోట ఇద్దరూ ఒప్పుకుంటారు. ఎంత తగ్గించాలన్న దగ్గర విడిపోతారు. కార్బ్స్ బాగా తగ్గిస్తే చక్కెర అదుపులోకి వస్తుంది, మందులు తగ్గుతాయి అని ఒకవైపు అంటారు. ఏళ్ల తరబడి ఎవరూ పాటించలేరు, పప్పులూ పండ్లూ పీచూ తగ్గిపోతాయి, మితంగా తగ్గించడమే నిలబడుతుంది అని రెండోవైపు. కేకు విషయానికొస్తే మొదటివాళ్లు ఇది ఇష్టమైనది వదులుకోకుండా నియమం నిలబెడుతుందంటారు. రెండోవాళ్లు తీపి మీద మనసు చావకుండా చేస్తుందంటారు. నేను చూసినంతలో రెండు రకాల మనుషులూ ఉన్నారు.

తీపి పదార్థాల మీదా తర్జనభర్జన ఉంది. రక్తంలో ఎరిత్రిటాల్ ఎక్కువున్నవారిలో గుండెపోటు, పక్షవాతం ఎక్కువ కనిపించాయని 2023లో ఒక అధ్యయనం వచ్చింది. ఒంట్లో ఎరిత్రిటాల్ సొంతంగా కూడా తయారవుతుంది కాబట్టి, జబ్బు వల్ల అది పెరిగిందా, దానివల్ల జబ్బు వచ్చిందా అన్నది ఆ లెక్కతో తేలదని మిగతావారు అన్నారు. బరువు తగ్గడానికి స్టీవియా, సుక్రలోజ్ లాంటివాటి మీద ఆధారపడొద్దని అదే ఏడాది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. ఆ సూచనలో ఎరిత్రిటాల్ జాతివి లేవు, ఇప్పటికే మధుమేహం ఉన్నవారికి అది వర్తించదని కూడా చెప్పింది. ఇన్సులిన్ తీసుకుంటున్నవాళ్లు, షుగర్ మాత్రలు వేసుకుంటున్నవాళ్లు కార్బ్స్ ఒక్కసారిగా తగ్గిస్తే చక్కెర మరీ పడిపోవచ్చు, కొన్ని మాత్రలతో ఇంకా పెద్ద ప్రమాదాలూ ఉన్నాయి. ముందు డాక్టర్‌తో మాట్లాడటం తప్పనిసరి.

## కిలో కొంటే చవక, పాడైతే ఖరీదు

హోల్‌సేల్ నుంచి మూట మోసుకొచ్చాక మిగిలే ప్రశ్న ఇది. ఈ సరుకులన్నీ నూనె గింజలు. మైదాలా డబ్బాలో పోసి మూలన పెడితే, మే నెల ఎండల్లో నెల తిరక్కుండా వాసన మారతాయి. బాదం, పల్లీలు, అవిసెలు గింజగా ఉన్నంత కాలం గాలి తగలని డబ్బాలో నెలల తరబడి ఉంటాయి. పొడి కొట్టాక ఫ్రిజ్‌లోనే ఉంచాలి. అన్నింట్లో ముందు పాడయ్యేది అవిసె పొడి. రెండు మూడు వారాలకు సరిపడా మాత్రమే కొట్టుకోవాలి. మూత తీయగానే పెయింట్ డబ్బా తెరిచినట్టు వాసన వస్తే అది అయిపోయినట్టే. పెయింట్లలో వాడే లిన్సీడ్ ఆయిల్ తీసేది ఈ గింజ నుంచే, అందుకే ఆ వాసన.